నేను కాల్చని ఆంప్లిఫయర్

మా అన్నయ్య ఆ కథ ఎత్తుకుంటే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మొన్న ఆదివారం గుర్‌గావ్ నుంచి మెట్రోలో వైశాలిలోని మా ఇంటికి వచ్చి, సోఫాలో బాసింపట్టు వేసుకుని, నేను వేసిచ్చిన పెసరట్టు తింటూ మళ్ళీ అదే మొదలుపెట్టాడు. కారణం మా అమ్మాయి ప్రణతి. నోయిడాలో ఉద్యోగం చేసే ఈ పిల్లకి పాటల పిచ్చి. మా హాల్లో నడుమెత్తు స్పీకర్లు రెండున్నాయి. వాటికున్న ఒక్క ఆంప్లిఫయర్ చాలదని ఇప్పుడు రెండోది తెప్పించింది. సన్నటి స్వరాలు పలికే ట్వీటర్లకి ఒకటి, బరువైన స్వరాలు పలికే వూఫర్లకి ఒకటి. అలా వేరు చేస్తే ఏ వాద్యానికి ఆ వాద్యం విడిగా, స్పష్టంగా వినిపిస్తుందట. అది నేల మీద కూర్చుని తీగలు సర్దుకుంటుంటే అన్నయ్య అట్టు ముక్క అల్లం పచ్చడిలో ముంచుతూ, "ప్రణతీ, మీ అమ్మని వాటి దగ్గరికి రానివ్వకమ్మా. చిన్నప్పుడు మా నాన్నగారు ముచ్చటపడి ఇలాగే రెండు పెట్టిస్తే, పదిమంది ముందు ఒకదాన్ని తగలబెట్టేసింది," అన్నాడు. పిల్ల పకపకా నవ్వింది. "సీరియస్లీ? మమ్మీ, ఆప్ థోడా దూర్ రహో ప్లీజ్," అంది. నేను నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాను. వేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఈ కథని అన్నయ్య నా పెళ్ళిలో మగపెళ్ళివారికి చెప్పాడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున మిఠాయి తింటూ చెప్పాడు. ఈ ఫ్లాటులో పాలు పొంగించిన రోజున ఎలక్ట్రీషియన్‌కి కూడా అర్థం కావాలని హిందీలో చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ అందులో పొగ ఇంకాస్త పెరుగుతుంది. మొదట్లో ఏదో కమురు వాసన వచ్చిందనేవాడు. ఇప్పటికి కర్టెన్లు అంటుకునేదాకా తెచ్చాడు. ఇన్నేళ్ళూ అందరితో పాటు నేనూ నవ్వుతూ వచ్చాను. నవ్వకపోతే దీనికి ముక్కు మీదే కోపం అంటారని భయం. అంటే అననీ. ఉంది కోపం. ఆ వయసు దాటి ఎంతో దూరం వచ్చాను, ఇక జరిగింది జరిగినట్టు రాయకపోతే నేను కూడా ఆ కథే నిజమని నమ్మి పోతాను.

అప్పుడు మేము ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వరండా, నిలబడితే ఇద్దరికి చాలని వంటిల్లు. వరండాలోంచి చూస్తే మునిర్కా ఊరి ఇళ్ళ కప్పులు కనిపించేవి. ఇప్పుడు అక్కడ గదికి నలుగురు చదువుకునే పిల్లలు కిక్కిరిసి అద్దెకుంటున్నారు గానీ, అప్పట్లో గేదెలుండేవి, మా ఇంటి పాలు అక్కణ్ణుంచే వచ్చేవి. నాన్నగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా చేసేవారు. ఆఫీసుని ఆఫీసులో వదిలి రావడం ఆయనకి ఏనాడూ చేతకాలేదు. ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా నోట్ పెట్టాలి. భోజనాల బల్ల చివర, ఒకవైపు టైపు చేసి పారేసిన ఆఫీసు కాగితాలు క్లిప్పు పెట్టి, దారం కట్టిన పెన్సిలుతో సహా ఉండేవి. "విషయం: గ్యాస్ సిలిండరు అయిపోవుట" అని అమ్మ కూడా రాసేది. "తాళి కట్టించుకునే ముందు కూడా ఒక నోట్ పెట్టుంటే బాగుండేది, ఆయన సంతకం పెట్టేలోపు పారిపోయేదాన్ని," అని గొణిగేది. గొణిగి మరీ రాసేది.

అన్నయ్య నా కంటే రెండేళ్ళు పెద్ద. కాబట్టి నా నోట్లు వాడి ద్వారా వెళ్ళాలి. వాడు చదివి, అడుగున "సమర్పించడమైనది" అని రాసి, నాన్నగారి ముందు పెట్టాలి. ఆయన పేపరు పక్కన పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, మూలన పొట్టి సంతకం గీకితే ఆ మాట ఇంట్లో పుట్టినట్టు లెక్క. సంతకం లేని మాట ఎవరూ అననట్టే. బడి చెప్పులు తెగిపోయాయని నేను పెట్టిన నోట్ వాడి లెక్కల పుస్తకంలో పదిరోజులుంటే, పదిరోజులూ తెగిన చెప్పులు ఈడ్చుకుంటూ బడికెళ్ళాను. వచ్చిన చుట్టాలందరూ ఆ పద్ధతి చూసి ముచ్చటపడేవాళ్ళు. "ఎంత క్రమశిక్షణండీ" అనేవాళ్ళు. నాకు మాత్రం ఆ పెన్సిలు చూస్తేనే చిరాకు.

ఇంత బిగుసుకుపోయిన మనిషికి సంగీతమంటే ప్రాణం. అక్కడ మాత్రం నోట్లూ లేవు, సంతకాలూ లేవు. చాణక్యపురిలో ఉండే విదేశీయులు ఉద్యోగం ముగించుకుని వెళ్ళేటప్పుడు ఇంటి సామాను అమ్మేస్తామని పేపర్లో ప్రకటనలు ఇచ్చేవారు. వాటికి ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, వారం వారం వెళ్ళి చూసి, చివరికి ఒకనాడు రెండు పెద్ద స్పీకర్లూ ఒక ఆంప్లిఫయరూ ఆటోలో వేయించుకుని వచ్చారు. ఆ స్పీకర్లు నా భుజం దాకా ఉండేవి. అమ్మ వాటి చుట్టూ తిరిగి చూసి, "బీరువాలు తెచ్చారు సరే, అరలేవీ?" అంది. నాన్నగారు నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి వాటిని నిలబెట్టారు. ఆ గీత దాటి అంగుళం జరిగినా పట్టేసేవారు.

ఆదివారం పొద్దున్న వాటి దుమ్ము దులపడం నా పని. పాత పంచె చింపిన గుడ్డతో ముందు పైన, తర్వాత పక్కలు, ఆఖర్న వెనక. పనిచేస్తున్నంతసేపూ కూలర్లో తడిసిన వట్టివేళ్ళ వాసన, వంటింట్లోంచి డికాక్షన్ వాసన. నాన్నగారు స్నానం చేసి, తలకి ఆముదం కలిసిన ఏదో నూనె రాసుకుని, గళ్ళ లుంగీలో వచ్చి కుర్చీలో కూర్చునేవారు. ఆంప్లిఫయర్ వేడెక్కేకొద్దీ వెచ్చటి దుమ్ము వాసన ఒకటి వచ్చేది, అది నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. క్యాసెట్ తిరుగుతున్నంతసేపూ అమ్మ మిక్సీ వేయకూడదు, కుక్కరు పెట్టకూడదు. పచ్చడి రోట్లో నూరితే మాత్రం పర్వాలేదు, ఆ చప్పుడు తాళానికి అడ్డురాదట. ఆయన కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తుంటే, ఆ గంటసేపు ఆయన మీద నాకు కోపం ఉండేది కాదు. అది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

స్పీకర్లతో పాటు వచ్చిన ఇంగ్లీషు పత్రికలో ఆయన ఈ రెండు ఆంప్లిఫయర్ల పద్ధతి చదివారు. స్పీకరు వెనక తీగలు బిగించే మరలు రెండు జతలుండేవి. పై జత ట్వీటరుకి, కింది జత వూఫరుకి. ఆ రెండు జతల్నీ కలుపుతూ చిటికెన వేలంత ఇత్తడి రేకులుండేవి. ఒకే ఆంప్లిఫయర్ పెట్టినప్పుడు ఆ రేకుల మీదుగానే కరెంటు రెండింటికీ పోతుంది. రెండో ఆంప్లిఫయర్ పెట్టాలంటే ముందు ఆ రేకులు తీసేయాలి. తీయకపోతే రెండు ఆంప్లిఫయర్లూ ఒకదాని కరెంటు ఇంకోదాని మీదికి తోసుకుంటాయి, రెంట్లో బలహీనమైనది కాలిపోతుంది. ఇదంతా నాకు పదో తరగతిలోనే తెలుసు. ఎలా తెలుసంటే, ఎర్రకోట ఎదురుగా ఉన్న ఎలక్ట్రానిక్స్ మార్కెట్లో బల్బీర్ అంకుల్ అనే ఆయన చేత నాన్నగారు రెండో ఆంప్లిఫయర్ చేయించారు. శనివారాలు అన్నయ్యకి ఇంజనీరింగు కోచింగు. అందుకని సంచీ పట్టుకోవడానికి నన్ను వెంట తీసుకెళ్ళేవారు.

ఆ కొట్టు మా వంటింట్లో సగం ఉండేది. నాన్నగారు పక్క కొట్లో క్యాసెట్లు తిరగేస్తుంటే నేను బల్ల ముందు స్టూలు మీద కూర్చునేదాన్ని. రెండో శనివారం బల్బీర్ అంకుల్ సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చాడు. సీసం కరుగుతుంటే వచ్చే గుగ్గిలం లాంటి రోజనం పొగ కళ్ళలో గుచ్చుకునేది, ఐనా రెప్ప వేయకుండా చూసేదాన్ని. నేను అతికిన ముక్కల్ని ఆయన గోటితో లాగి చూసి, నాన్నగారు రాగానే, "సాబ్, ఇస్‌కా హాథ్ బహుత్ పక్కా హై. బిటియా కో యహీ లైన్ మే డాల్‌నా," అన్నాడు. నా చేయి పనికి గట్టిదట, నన్ను ఈ పనిలోనే పెట్టాలట. నాన్నగారు "అచ్ఛా అచ్ఛా" అని, కొన్న క్యాసెట్లు సంచీలో వేయమని నాకిచ్చారు. ఆఖరి రోజు పెట్టె కడుతూ బల్బీర్ అంకుల్ నాకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "బేటా, పీఛే కీ పత్తీ పహలే నికాల్‌నా. భూల్‌నా మత్. వర్నా ధువాఁ." పత్తీ అంటే ఆ ఇత్తడి రేకు, మర్చిపోకుండా ముందు అది తీయాలి. తీయకపోతే పొగే. బస్సులో ఇంటిదాకా ఆ మాటే వల్లె వేసుకుంటూ వచ్చాను.

ఇంటికి రాగానే నోట్ పెట్టాను. "విషయం: స్పీకర్ల వెనక ఇత్తడి రేకులు ముందుగా తీయుట గురించి." కింద బొమ్మ కూడా వేశాను. బాణం గుర్తులు పెట్టాను. అన్నయ్య చదివాడు. నా కళ్ళ ముందే చదివాడు. "కోచింగులో ఫిజిక్సు చదివేది నేనా నువ్వా?" అన్నాడు. "నాన్నగారికి ఇవ్వరా," అన్నాను. "నాకు తెలుసు లేవే. బిగించేది నేను, నువ్వు గుడ్డ పట్టుకుని దుమ్ము దులుపు," అని కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేరుగా నాన్నగారి దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చు కదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. వెళ్ళాను. ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండా, "నోట్ పెట్టావా?" అన్నారు. "పెట్టాను," అన్నాను. "మరి వస్తుందిగా," అన్నారు.

మర్నాడు పదింటికి ఆఫీసు నుంచి తెలుగువాళ్ళు ఆరుగురు వచ్చారు. కొత్త ఏర్పాటు వినిపిస్తానని నాన్నగారు వారం ముందే పిలిచారు. అమ్మ ఉప్మా చేసింది. నేను ఎప్పటిలాగే దుమ్ము దులిపి, వెనక చూస్తే రేకులు అలాగే ఉన్నాయి. "అన్నయ్యా, రేకులు," అన్నాను. "ష్," అన్నాడు. అతిథుల ముందు ఆడపిల్ల నోరెత్తకూడదు, అది నోట్ అక్కర్లేని రూలు. నాన్నగారు తన చేత్తోనే మీట నొక్కారు. క్షణం సేపు పాట వచ్చింది. వాల్యూమ్ పెంచారు. కొత్త ఆంప్లిఫయర్ గుర్రుమని, జాలీ చిల్లుల్లోంచి తెల్లటి పొగ సన్నగా లేచింది. నేను అతికిన ముక్కలు ఉన్న పెట్టె అది. ఉప్మా ప్లేట్లు పట్టుకుని అందరూ లేచి నిలబడ్డారు.

"ఏమైందిరా?" అన్నారు నాన్నగారు. అన్నయ్య నన్ను చూశాడు. "ఇది వెనకాల దుమ్ము దులుపుతూ వైర్లు కదిపేసింది," అన్నాడు. "లేదు నాన్నగారూ, రేకులు తీయలేదు, నోట్ పెట్టాను, అన్నయ్య జేబులో ఉంది," అన్నాను. నాన్నగారు చేయి చాపారు. "ఏదీ నోట్?" అన్నయ్య నిన్నటి చొక్కా బాల్చీలో నానుతోంది. ఆ కాగితం ముద్దయిపోయి ఉంటుంది. "సంతకం చేశానా నేను దాని మీద?" అన్నారు. "లేదు." "మరి పెట్టినట్టెలా అవుతుంది? తప్పు చేసి అబద్ధం కూడానా?" అన్నారు, ఆరుగురి ముందు. ఎవరో అంకుల్ "పోన్లెండి, పిల్ల," అన్నాడు. పరువు కాపాడుకోవడానికి నాన్నగారు అందరినీ అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనానికి తీసుకెళ్ళారు. అన్నయ్యని కూడా. నేను పొగ వాసన పోవడానికి కిటికీలు తీసి, ఎంగిలి ప్లేట్లు తోముకున్నాను.

ఆ తర్వాత శనివారం ఆయన కాలిన పెట్టె తీసుకుని ఒక్కరే మార్కెట్‌కి వెళ్ళొచ్చారు. ఏమన్నాడు అని అమ్మ అడిగితే, "బాగుచేస్తాడట," అన్నారు, అంతే. నేను వేసవిలో ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమాకి ఫారం తెచ్చుకుని, నోట్ పెట్టాను. ఈసారి అన్నయ్య బుద్ధిగా సమర్పించాడు. నాన్నగారు మార్జిన్లో రాసి పంపారు: "ఆంప్లిఫయర్ ఉదంతం దృష్ట్యా ఈ కోర్సు అనుచితం. కామర్సు పరిశీలించవచ్చును." పరిశీలించాను. బీకాం చదివాను, ఇన్సూరెన్సు ఆఫీసులో చేరాను. ఇంట్లో ఫ్యూజు పోతే మా ఆయన వచ్చేదాకా చీకట్లో కూర్చున్నాను. ఇస్త్రీపెట్టె తీగ తెగితే కొత్తది కొన్నాను గానీ విప్పి చూడలేదు. ఒక్కోసారి నిజంగానే నా గుడ్డ తగిలి ఏ తీగో కదిలిందేమోనని కూడా అనుకునేదాన్ని. అంత బాగా నేర్పారు నాకు.

ఇప్పుడు మా పిల్లని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఎవర్నీ అడగలేదు, ఎవరి ద్వారానూ పంపలేదు. ఫోన్లో చూసుకుంది, తెప్పించుకుంది, నేల మీద కూర్చుని విప్పుకుంది. దాన్ని చూసి గర్వపడాలో, నా బతుకు తలుచుకుని ఏడవాలో తెలియక నిలబడి ఉన్నాను. అది స్పీకరు వెనక నుంచి చేయి బయటికి తీసింది. అరచేతిలో నాలుగు రేకులు. "మామా, ఏక్ బాత్ బతావో. మీరు అప్పుడు ఇవి తీశారా? మాన్యువల్లో ఫస్ట్ స్టెప్ ఇదే. తీయకపోతే ఆంప్ జల్ జాయేగా అని రాసుంది," అంది అన్నయ్యతో.

అన్నయ్య ముద్ద మింగడం మానేశాడు. నేను వెనక్కి వేసిన రెండడుగులూ ముందుకొచ్చి వాడి ఎదురుగా నిలబడ్డాను.

"చెప్పు," అన్నాను.

"ఎప్పటి సంగతో... ఏదో చిన్నతనం," అన్నాడు.

"తీశావా లేదా?"

"తీయలేదు," అన్నాడు ప్లేటు కేసి చూస్తూ. "మర్చిపోయాను. నీ నోట్ జేబులో పెట్టుకుని మర్చిపోయాను. నాన్నగారు తంతారని..."

"ఐతే నానాజీకి ఎప్పటికీ తెలియలేదా?" అంది ప్రణతి. తాతయ్యని అది అలాగే అంటుంది.

వాడు చేతిలో అట్టు ముక్క ప్లేట్లో పెట్టేశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "తెలుసు. ఆ మెకానిక్ చెప్పేశాడట, 'మీ అమ్మాయికి రెండుసార్లు చెప్పి పంపాను కదా' అని. ఆ సాయంత్రమే నన్ను వరండాలోకి పిలిచి అడిగారు. ఒప్పుకున్నాను. తిట్టారు. తర్వాత, 'దానికి చెప్పకు. తెలిస్తే నెత్తికెక్కుతుంది, ఆ మార్కెట్ పనే చేస్తానంటుంది. ఇలాగే ఉండనీ' అన్నారు."

అంటే మార్జిన్లో ఆ మాట రాసేనాటికి ఆయనకి అంతా తెలుసు. పరువు కోసం ఆరుగురి ముందు అన్న మాటనైతే కోపంలో అన్నారనుకోవచ్చు. ఇది కోపం కాదు. తీరిగ్గా, పొందికైన అక్షరాలతో, అబద్ధమని తెలిసి రాశారు. కళ్ళు మూసుకుని తాళం వేసుకునే ఆ మనిషిని నేను ప్రేమించాను. ఆయన పోయినప్పుడు మూడు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు కేకలేద్దామంటే ఎదురుగా మనిషి లేడు. ఉన్నవాడేమో పెసరట్టు ముందు పెట్టుకుని, "పోన్లేవే, నాన్నగారు పోయి ఎన్నేళ్ళో అయింది, ఇప్పుడెందుకు," అంటున్నాడు.

"ఇన్నేళ్ళూ కథ చెప్పింది నాన్నగారు కాదు, నువ్వు," అన్నాను. "నా పెళ్ళిలో చెప్పింది నువ్వు. ఇందాక చెప్పింది నువ్వు. నిజం తెలిసి చెప్పావు."

వాడు చేయి కడుక్కున్నాడు. భోజనానికి ఉండమని నేను అనలేదు. బూట్లు తొడుక్కోవడానికి గుమ్మం దగ్గర వంగి, లేచి, గొంతు సవరించుకుని, "సరేలే. నాన్నగారి తరఫున నేను క్షమాపణ చెప్తున్నాను, సరేనా?" అన్నాడు.

"ఆయన తరఫున అక్కర్లేదన్నయ్యా. నీ తరఫున చెప్పు."

అన్నయ్య నా కేసి చూశాడు, నా వెనక నిలబడ్డ ప్రణతి కేసి చూశాడు. నోరు తెరిచాడు. గుమ్మం ఎదుటి లిఫ్టు వచ్చి ఆగింది. తలుపు దానంతటది మూసుకోబోతే ప్రణతి చేయి అడ్డం పెట్టి ఆపింది. ఇద్దరం ఎదురుచూశాం. వాడు లోపలికి వెళ్ళి గోడకేసి తిరిగి నిలబడ్డాడు. నేను పిల్ల చేయి పక్కకి తీసేశాను.